మామయ్య పంపిన ఆంప్, ఇంటిల్లిపాదికీ టెన్షన్

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, కాలనీ వేయొద్దన్నారు. బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో తల్లి, భార్య, మూడేళ్ల పాప. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తారు.

న్యూజెర్సీలో స్థిరపడిన ఈయన మేనమామ 2004లో అక్కడ ఫెండర్ '65 డీలక్స్ రివెర్బ్ అనే ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) కొనుక్కున్నారు. గిటార్ మీద మొదటి కార్డ్ పట్టడం ఈయనకి నేర్పింది ఆ మామయ్యే. నడుం నొప్పి వల్ల ఇక దాన్ని మోయలేక, ఇండియాకి వచ్చేస్తున్న బంధువుల సామాను కంటెయినర్లో పెట్టించి రెండేళ్ల కిందట మేనల్లుడికి పంపించారు. అది 120 వోల్టుల అమెరికా మోడల్. అందుకని ఇక్కడ మన 230 వోల్టుల్ని తగ్గించి ఇచ్చే ఓ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. "22 వాట్ల ఆంపేగా, 100 వాట్లది బోలెడు" అన్నాడట షాపతను. దానికున్నది రెండు పిన్నుల సాకెట్టు, ఆంప్‌కున్నది మూడు పిన్నుల ప్లగ్గు. మధ్యలో చిన్న కన్వర్టర్ తగిలించి కానిచ్చారు.

మొదటి ఏడాది బాగానే నడిచింది. పోయిన వానాకాలంలో గరగర మొదలైంది, తర్వాత ఆగకుండా హమ్, అంటే గుంయ్‌మనే మోత. ఓ రోజు ఫ్యూజు పోతే దగ్గర్లోని టీవీ మెకానిక్ "కాస్త గట్టిది" వేసిచ్చాడు. మళ్లీ ఫ్యూజు పోలేదు. కానీ వెనక ఉన్న రెండు పెద్ద ట్యూబుల్లో ఒకదాని లోపలి రేకు ఎర్రగా కాలుతోంది, స్టెప్‌డౌన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. రెండు వారాల కిందట చర్చిలో గిటార్ పట్టుకుని పాడుతుండగా పెదవి మైకుకి తగిలి జివ్వుమంది.

ఇక సలహాలు. మెకానిక్: "ఈ రోజుల్లో ఈ ట్యూబులు, అదే వాల్వులేంటి సార్, అన్నీ పీకేసి ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టేస్తా." బ్యాండ్‌లో మిత్రుడు: "తొమ్మిది ట్యూబులూ మార్చెయ్, పనిలో పనిగా ఆ రెండు పెద్ద ట్యూబులు, 6వీ6ల బదులు 6ఎల్6లు వేస్తే సౌండ్ పెరుగుతుంది." తల్లి: "ఆ కరెంటు పెట్టె నా ఇంట్లో వద్దు." బెంగళూరులో ఎవరో ఉన్నదున్నట్టు 55 వేలకి తీసుకుంటామన్నారు, భార్య అమ్మేద్దామంటున్నారు. పాస్టరు గారు చర్చికి ఇచ్చేయమంటున్నారు. వీటన్నిటి మధ్య మామయ్య వారం వారం ఫోన్ చేసి "ఎలా ఉందిరా ఆంప్?" అంటే ఈయన "సూపర్ మామయ్యా" అంటూ వస్తున్నారు. డిసెంబరులో మామయ్య వస్తున్నారు. క్రిస్మస్‌కి చర్చిలో దాని మీదే వాయిస్తారట. "అమ్మనా, బాగు చేయించనా, మామయ్యకి ఏం చెప్పను?" అని అడుగుతున్నారు.

జవాబు

ముందు వెళ్లి ఆ ఆంప్ ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆపడం కాదు, గోడ నుంచి ప్లగ్గే తీసేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఈ ఆదివారం చర్చిలో గిటార్‌ని నేరుగా సౌండ్ మిక్సర్‌కి కలిపి వాయించండి. సౌండ్ కాస్త పేలవంగా ఉంటుంది, ఉండనివ్వండి.

మీకు సలహాలిచ్చిన వాళ్లందరిలోకీ అసలు సమస్యకి దగ్గరగా వచ్చింది మీ అమ్మగారే. హమ్, గరగర, ఎర్రబడ్డ ట్యూబు అన్నీ ఆంప్ కష్టాలు. పెదవి జివ్వుమనడం మాత్రం మీ ప్రాణానికి సంబంధించినది. మీరు దాన్ని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో దాటేశారు, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

గిటార్ తీగలు బ్రిడ్జి నుంచి వెళ్లే వైరు ద్వారా, కేబుల్ పైపొర ద్వారా ఆంప్ లోపలి లోహపు చట్రానికి, అంటే చాసీకి కలిసి ఉంటాయి. అంటే తీగల మీద చెయ్యి వేస్తే చాసీ మీద వేసినట్టే. చాసీకి సరైన ఎర్త్ ఉంటే ఇబ్బంది లేదు. మీ దగ్గర రెండు పిన్నుల సాకెట్టు దగ్గరే ఎర్త్ తెగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీకి పోవడానికి దారి లేదు. చర్చిలో మైకు ఎర్త్ ఉన్న మిక్సర్‌కి కలిసి ఉంటుంది కాబట్టి చేతిలో తీగలు, పెదవికి మైకు తగిలిన క్షణంలో ఆ దారి మీరయ్యారు. ఆ రోజు జివ్వుమని వదిలింది. లోపల ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతిన్న రోజున అలా వదలదు. పాటగాళ్లు, గిటారిస్టులు వేదిక మీదే చనిపోయిన సందర్భాలు నిజంగా ఉన్నాయి.

కాబట్టి మొదటి ఖర్చు ఆంప్ మీద కాదు, ఎలక్ట్రీషియన్ మీద. ఇంట్లో మీరు వాడే సాకెట్టు, చర్చిలో వేదిక దగ్గరి సాకెట్టు, రెండూ చూపించండి. టెస్టర్ వెలిగిందని సరిపెట్టుకోనివ్వకండి. మీటర్ పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 చుట్టుపక్కల, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు సున్నా వస్తోందో లేదో చూడాలి. పాత అపార్టుమెంట్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా వేయించండి. పాప తిరిగే ఇంట్లో అది ఆంప్ లేకపోయినా ఉండాలి. అయితే అది ఉంది కదా అని ఎర్త్ మానేయకూడదు.

ఇప్పుడు ఆ స్టెప్‌డౌన్ సంగతి. 22 వాట్లు అన్నది స్పీకర్‌కి వెళ్లే సౌండ్ లెక్క. గోడ నుంచి లాగేది వేరే లెక్క. మీ ఆంప్‌లో రెండు పెద్ద పవర్ ట్యూబులు (6వీ6లు), ఆరు చిన్న ట్యూబులు, ఏసీని డీసీగా మార్చే ఒక రెక్టిఫయర్ ట్యూబు ఉన్నాయి. ఒక్క నోట్ వాయించకముందే వాటి ఫిలమెంట్లు వేడెక్కడానికే పాతిక వాట్ల పైన పోతుంది. దాని మీద 400 వోల్టులు దాటిన హైటెన్షన్ సరఫరా ఉంది. అన్నీ కలిపితే 100 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చివరి అంచున పనిచేస్తోందన్నమాట. అందుకే ఆ వేడి. ఆంప్ వెనక పలక మీద ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది, కనీసం దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొనండి. అమెరికా ఆంప్‌లు 60 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి. మన 50 హెర్ట్జ్ మీద ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాస్త ఎక్కువే వేడెక్కుతుంది. బయటిదైనా నిబ్బరంగా ఉండాలి.

సామర్థ్యం కంటే ముందు రకం చూడండి. బజార్లో చవగ్గా దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో రెండు వైపులకీ ఒకటే వైండింగు (తీగచుట్ట). ఆ ఉమ్మడి వైండింగు ఎప్పుడైనా తెగితే 110 రావాల్సిన చోట ఇంటి వోల్టేజీ మొత్తం ఆంప్‌లోకి వెళ్తుంది. రెండు వేరువేరు వైండింగులున్న ఐసొలేషన్ రకం బరువెక్కువ, ఖరీదెక్కువ, ఈ ప్రమాదం మాత్రం ఉండదు. ఏది కొన్నా బయటికొచ్చే సాకెట్టు మూడు పిన్నులదై ఉండాలి, దాని ఎర్త్ గోడ ఎర్త్ దాకా నిజంగా కలిసి ఉందని మీటర్‌తో చూపించమనండి. ఆ కన్వర్టర్‌ని చెత్తబుట్టలో వేయండి, పక్కింటివాళ్లకి ఇవ్వకండి. దుకాణంలో 220 నుంచి 110 అని రాసి ఉంటే కంగారు పడొద్దు. మనకొచ్చే 230కి అది 115 ఇస్తుంది, మీ ఆంప్‌కి అది చాలు.

శాశ్వతమైన దారి ఇంకోటి ఉంది. ఆంప్ లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్నే 230 వోల్టులది వేయించడం. ఇదే మోడల్‌ని ఇతర దేశాలకి 230 వోల్టులతోనే చేస్తారు కాబట్టి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఖర్చవుతుంది, తెలిసిన చెయ్యి కావాలి. కానీ చర్చికి వెళ్లిన ప్రతిసారీ ఓ ఇనుప దిమ్మని వెంట మోసుకెళ్లే పని తప్పుతుంది. ఆంప్‌ని ఉంచుకోవాలని గట్టిగా అనుకుంటేనే దీని జోలికి వెళ్లండి.

ఇక ఫ్యూజు. మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన భాగం ఇదొక్కటే. పోయిన ఫ్యూజు లోపల ఏదో ఎక్కువ కరెంటు లాగుతోందని చెప్పింది. "గట్టిది" వేయడమంటే దాని నోరు నొక్కడమే. ఆ తర్వాత ట్యూబు ఎర్రబడటం వింత కాదు, ముందు నుంచీ ఉన్న రోగం ఇప్పుడు బయటికి కనిపిస్తోంది, అంతే. ఆంప్ వెనక ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో అంతే, ఆన్ చేసిన క్షణంలో వచ్చే ఎక్కువ కరెంటుని తట్టుకునే స్లో బ్లో రకమే వేయాలి. తీగ చుట్టడం, వెండి కాగితం పెట్టడం లాంటివి సైకిల్ షాపు పక్కన ఉండే బల్బు సీరియల్ సెట్లకి నడిచాయేమో, ఇక్కడ నడవవు. అక్కడ కాలిపోయేది పది రూపాయల ఫ్యూజు కాదు, ట్యూబుల నుంచి స్పీకర్‌కి సౌండ్ అందించే, వేలు ఖరీదు చేసే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

మీరు ఎర్రరేకునీ హమ్మునీ రెండు వేరు సమస్యలుగా రాశారు. నాకైతే ఒకటే అనిపిస్తోంది. రెండు 6వీ6లు ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. రెండూ సమానంగా ఉన్నంత సేపూ సరఫరాలోని అలజడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి అదుపు తప్పి ఎక్కువ కరెంటు లాగితే ఆ సమతూకం పోయి హమ్ బయటికొస్తుంది. ట్యూబు గాజు లోపలివైపు నీలిరంగు మెరుపు ఉంటే భయం లేదు, మంచి ట్యూబుల్లోనూ కనిపిస్తుంది. బూడిద రంగు రేకు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపేయాలి.

కారణం మూడింటిలో ఒకటి. ట్యూబే పాడై ఉండొచ్చు. దాన్ని అదుపులో పెట్టే బయాస్ వోల్టేజీ అందకపోతూ ఉండొచ్చు, విశాఖ సముద్రపు గాలికి సాకెట్టు పిన్నులు తుప్పుపట్టినా ఇది జరుగుతుంది. లేదా ముందు దశ నుంచి సౌండ్‌ని మాత్రం పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతూ ఉండొచ్చు. ఇది తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. సరైన ఫ్యూజు, సరైన స్టెప్‌డౌన్, ఎర్త్ మూడూ కుదిరాకే చేయండి. ఆంప్ ఆపి, ప్లగ్గు తీసి, ట్యూబులు పూర్తిగా చల్లారాక ఆ రెండు పెద్ద ట్యూబుల్నీ ఒకదాని చోట ఒకటి మార్చండి. స్పీకర్ తగిలించే ఉండాలి. ఆన్ చేసి, స్టాండ్‌బై (ట్యూబులు వేడెక్కేదాకా హైటెన్షన్‌ని ఆపి ఉంచే స్విచ్) తీసి, స్విచ్ మీద చెయ్యి ఉంచి చూడండి. ఎరుపు ట్యూబుతో పాటు పక్కకి వెళ్తే ట్యూబు చెడింది. అదే సాకెట్టులో ఉండిపోతే సర్క్యూట్‌లో చెడింది, కొత్త ట్యూబు వేసినా అదీ కాలిపోతుంది. ఎర్రబడటం మొదలవగానే ఆపేయండి. ధైర్యం చాలకపోతే మానేయండి, తప్పేం లేదు, మెకానిక్ చేస్తాడు.

అంతకు మించి మీరు చేయకూడదు. ముఖ్యంగా చాసీ విప్పకండి. లోపల కరెంటుని నిలవ ఉంచి సాఫీ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ప్లగ్గు తీసేశాక కూడా వందల వోల్టులు పట్టుకుని ఉండగలవు. పనివాళ్లు ముందు వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకుని, అప్పుడు చెయ్యి పెడతారు. మీ ఆంప్‌కి ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి ఆ కెపాసిటర్లని మార్చే సమయం ఎలాగూ వచ్చింది. వేడికి లోపలి రసాయనం ఎండిపోతుంది. వాల్యూమ్ సున్నాకి తిప్పినా హమ్ తగ్గకపోతే అనుమానం వాటి మీదా, పవర్ ట్యూబుల మీదా పెట్టుకోవాలి. తగ్గిపోతే గిటార్ వైపు, కేబుల్ వైపు, చిన్న ట్యూబుల వైపు చూడాలి. ఈ ఒక్క సంగతి ముందే చెబితే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది.

ఇప్పుడు సలహాలు ఒక్కొక్కటీ చూద్దాం.

ట్రాన్సిస్టర్ బోర్డు సలహాకి నా జవాబు, వద్దు. ఆ మెకానిక్ చెడ్డవాడని కాదు, అతనికి వచ్చిన పని అది. కానీ ఆ తర్వాత మీ చేతిలో ఉండేది ఫెండర్ పెట్టెలో ఓ చవక ఆంప్. ఇప్పుడు 55 వేలు ఇస్తానన్న మనిషి అప్పుడు 10 వేలు కూడా ఇవ్వడు. మీకు ట్యూబుల గొడవ లేని ఆంప్ కావాలంటే ఓ డిజిటల్ ఆంప్ విడిగా కొనుక్కోండి, ఇప్పుడు బాగానే చేస్తున్నారు. దానికోసం దీన్ని కోయక్కర్లేదు.

6ఎల్6 సలహా కూడా వద్దు. సాకెట్టులో అది చక్కగా కూర్చుంటుంది, అదే చిక్కు. 6వీ6 ఫిలమెంటుకి 0.45 ఆంపియర్లు చాలు, 6ఎల్6కి 0.9 కావాలి. రెండు ట్యూబులకీ కలిపి ఆ భారమంతా ఇప్పటికే వేడెక్కుతున్న ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడుతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా 6వీ6లకి తగ్గట్టు చేసినది. పైగా మీది 22 వాట్ల ట్యూబ్ ఆంప్. చర్చి హాలుకి అంతకన్నా ఎందుకు? వెనక వరసల్లో పెద్దవాళ్లు ఇప్పటికే చెవులు మూసుకుంటున్నారేమో, ఓసారి చూడండి.

తొమ్మిది ట్యూబులూ మార్చడం డబ్బు వృథా. వారానికి ఓ రెండు గంటలు వాయించేవారికి పవర్ ట్యూబులే ఏళ్ల తరబడి వస్తాయి, చిన్నవి అంతకన్నా ఎక్కువ. చిన్న ట్యూబుని ఆంప్ ఆన్‌లో ఉండగా పెన్సిల్ వెనకవైపుతో మెల్లగా తట్టండి. స్పీకర్లో గట్టిగా గంటలా మోగినా, పటపటలాడినా అది మార్చాల్సినది. మిగతావి ఉండనివ్వండి. 6వీ6లు మాత్రం జంటగా కొనాలి, ఒకే కొలత చూసి జతచేసిన మ్యాచ్డ్ పెయిర్. వేశాక బయాస్ చూపించాలి. రివెర్బ్ (ప్రతిధ్వని) దగ్గర ఉండే 12ఏటీ7 అనే చిన్న ట్యూబు చోట 12ఏఎక్స్7 పెట్టేయకూడదు, చూడ్డానికి ఒకేలా ఉన్నా పని వేరు. ఇప్పుడు కొత్త ట్యూబులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా ఫ్యాక్టరీల నుంచి వస్తున్నాయి, బెంగళూరు, ముంబై సంగీత దుకాణాలు తెప్పిస్తాయి. ఒకప్పుడు మన బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కూడా వాల్వులు చేసేది, మన ఇళ్లలో రేడియోలు వాటితోనే మోగాయి. ఏ పాత రేడియో మెకానిక్ డబ్బాలోనో ఈసీసీ83 అని రాసిన బీఈఎల్ ట్యూబు దొరికితే వదలకండి. 12ఏఎక్స్7కి యూరప్‌లో పెట్టిన పేరే అది.

ఆ పాత రేడియో మెకానిక్‌నే వెతకమని కూడా అంటాను. డెబ్బై ఏళ్ల వాల్వు రేడియో మనిషికి మీ ఆంప్ కొత్తేం కాదు. హైటెన్షన్ అంటే భయం, బయాస్ అంటే అవగాహన ఆ తరానికి ఉన్నాయి. దొరక్కపోతే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బెంగళూరులోనో ట్యూబ్ ఆంప్‌లు చేసేవాళ్లకి పంపాలి. ఎవరైనా సరే, రెండు ప్రశ్నలు అడగండి. కెపాసిటర్లని ఎలా ఖాళీ చేస్తారు? బయాస్ ఎలా కొలుస్తారు? రెండోదానికి "సౌండ్ విని పెట్టేస్తా" అంటే దండం పెట్టి వచ్చేయండి. ఫెండర్ సర్క్యూట్ డయాగ్రాములు అందరికీ దొరుకుతాయి, ప్రింటు తీసి చేతికివ్వండి. స్పీకర్ లేకుండా ఆంప్ ఆన్ చేయొద్దని కూడా చెప్పండి. చాసీ ఒక్కటే విప్పి తీసుకెళ్తే జరిగే పొరపాటు ఇదే. స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోవచ్చు. పార్శిల్ చేస్తే ట్యూబులు తీసి విడిగా చుట్టండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఉంచడమా అమ్మడమా.

అమ్మితే అది తప్పేమీ కాదు. మీ భార్య మాట ఉత్తరంలో కాస్త విసుగ్గా రాశారు గానీ, ఆమె వైపు నుంచి చూడండి. వెనక తెరిచి ఉన్న పెట్టె, లోపల చెయ్యి కాలేంత వేడి గాజు, హాల్లో తిరిగే మూడేళ్ల పిల్ల, భర్తకి షాక్. ఆమె డబ్బు కోసమే అంటున్నారని నాకనిపించలేదు. ఉన్నదున్నట్టు అమ్మాలనుకుంటే కొనేవాడికి షాక్ సంగతి, ఎర్ర ట్యూబు సంగతి, ఫ్యూజు సంగతి విప్పి చెప్పాలి. చెబితే 55 వేలు ఇంకా తగ్గొచ్చు. బాగు చేయించి అమ్మితే ఎక్కువే రావచ్చు, కానీ ముందు మీ జేబులోంచి పెట్టాలి, నెలలు పట్టొచ్చు. ఏదైనా మామయ్యకి చెప్పకుండా అమ్మకండి. పేరుకి మీదే అయినా ఆయన దాన్ని మీకు అమ్మలేదు కదా.

బాగు చేయించి ఉంచుకుంటే కెపాసిటర్లు, ఒక జత పవర్ ట్యూబులు, సాకెట్లు శుభ్రం చేయడం, బయాస్, మంచి స్టెప్‌డౌన్ ఖర్చులన్నీ ఇప్పుడు ఒకేసారి మీద పడతాయి. ఆ తర్వాత చాలాకాలం పెద్ద ఖర్చు రాదు. దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతారన్నది మాత్రం భార్యతో కూర్చుని తేల్చుకోవాలి. హాలు వద్దు. వెనకవైపు రంధ్రాలున్న ఇనుప జాలీ బిగించొచ్చు, గాలి ఆడాలి, పిల్ల చెయ్యి దూరకూడదు.

చర్చికి ఇవ్వడం గురించి మీరు ఏమీ తేల్చుకోలేదు. అక్కడే ఉంటే 19 కిలోల పెట్టెని స్కూటర్ మీద మోసే పని తప్పుతుంది, ట్యూబులకీ కుదుపులు తగ్గుతాయి, ఇంట్లో గొడవా పోతుంది. కానీ బుధవారం ప్రార్థనకొచ్చిన కుర్రాడెవరో నేరుగా 230 సాకెట్టుకి పెట్టేస్తే క్షణంలో అయిపోతుంది. అక్కడ ఉంచితే తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, స్టెప్‌డౌన్ విడిగా ఉండకుండా దానికే బిగించి ఉండాలి. లేదా నేను చెప్పినట్టు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మార్పించి ఇవ్వాలి. దానంగా ఇస్తున్నారా, వాడుకోవడానికి ఇస్తున్నారా అన్నది పాస్టరు గారితో ముందే స్పష్టంగా అనుకోండి. రేపు చెడితే బాగు చేయించే ఖర్చు ఎవరిదో అప్పుడే తెలుస్తుంది.

నన్నడిగితే ముందు ఎర్త్, ఫ్యూజు సరిచేయించి, మెకానిక్ చేత ఖర్చు లెక్క రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని ఇంట్లో మాట్లాడతాను. ఎంతవుతుందో తెలియకుండా ఉంచడమా అమ్మడమా అని పోట్లాడుకుంటే ఎవరూ గెలవరు.

మామయ్య దగ్గర మీరెందుకు దాస్తున్నారో అర్థమవుతోంది. పాడుచేశానని అనుకుంటారేమోనని భయం. ఆయన అమెరికాలో ఇరవై ఏళ్లు దాన్ని వాడిన మనిషి. కెపాసిటర్లు ఎప్పుడైనా మార్చారో లేదో, ఏ ట్యూబులు ఎప్పుడు వేశారో, సర్వీస్ కాగితాలున్నాయో చెప్పగలిగేది ఆయనొక్కరే. ఆ ట్యూబులు ఆయన వేసినవే అయ్యుండొచ్చు, కెపాసిటర్లు ఫ్యాక్టరీవే అయ్యుండొచ్చు. అప్పుడు ఇందులో మీ చేతిలో ఉన్నది ఎంత? ఆ కన్వర్టర్, ఆ ఫ్యూజు, ఆ వంద వాట్ల డబ్బా. అవి కూడా ఆయనకి చెప్పండి. పైగా మ్యాచ్డ్ 6వీ6లు, సరైన ఫ్యూజులు, కావాలంటే కెపాసిటర్ల సెట్టు ఆయనకక్కడ సులువుగా దొరుకుతాయి. చెప్పడం ఆలస్యమైతే అవి క్రిస్మస్‌కి ఆయన సూట్‌కేసులోనే వస్తాయి, చేయించే టైం ఉండదు. కాబట్టి ఇప్పుడే చెప్పండి, ఎవరైనా ముందు వస్తుంటే వాళ్ల చేత పంపమనండి. డిసెంబరు 25ని గడువుగా పెట్టుకుని మెకానిక్‌ని తొందరపెట్టకండి. అది తయారు కాకపోతే మామయ్య కూడా మిక్సర్‌లోంచి వాయిస్తారు. షాక్ సంగతి ఆయనకి దాచకండి, ఆయనా అదే మైకు ముందు నిలబడతారు కదా.

ఉంచుకునేటట్టయితే విశాఖలో దాని బాగోగులు కొన్ని. ఆన్ చేశాక నిమిషం ఆగి స్టాండ్‌బై తీయండి, మధ్యలో ఊరికే స్టాండ్‌బైని అటూ ఇటూ కొట్టకండి. గంటల తరబడి స్టాండ్‌బైలో వదిలేయడం కూడా ట్యూబులకి మంచిది కాదు, టీకి వెళ్తే ఆపేసి వెళ్లండి. వాయించడం అయ్యాక చల్లారేదాకా కదపకండి. కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపేయండి, తిరిగొచ్చేటప్పుడు ఎగిరే వోల్టేజీ దాని మీద పడకూడదు. చర్చిలో ఇన్వర్టర్ ఉందని రాశారు. అది స్క్వేర్ వేవ్ రకమైతే దాని మీద ఆంప్ నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కి బుర్రుమంటాయి. గరగరలాడే నాబ్‌లకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ వాడాలి. ఇంట్లో తలుపు బందులకి కొట్టే తుప్పు స్ప్రే వాడకండి, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. వానాకాలంలో నెలల తరబడి మూల పెట్టేయకుండా వారానికోసారి ఓ గంట నడపండి, లోపలి తేమ పోతుంది. మూసేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది. పాత కాటన్ దుప్పటి చాలు, అదీ ఆంప్ పూర్తిగా చల్లారాకే కప్పండి.